పిల్లి కోసం ఇంట్లో గోధుమ గడ్డి: బూజు పట్టకుండా పెంచే పద్ధతి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్, రెండేళ్ల పిల్లి చిట్టి, గడప దాటి బయటికి పోదు. హాల్లో ఉన్న మనీ ప్లాంట్ ఆకులు కొరికి నురగ కక్కుతోంది. పిల్లి గడ్డి తింటోందంటే ఒంట్లో బాగోలేనట్టేనని మీ అమ్మగారు అంటున్నారు. ఎవరో చెబితే టిఫిన్ డబ్బాలో దూది పరిచి గోధుమలు వేశారు, నాలుగో రోజుకే బూజు పట్టింది. మళ్లీ వేయాలా, ఆన్‌లైన్‌లో దొరికే క్యాట్ గ్రాస్ కిట్ కొనాలా అన్నది మీ ప్రశ్న. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే ఏం చేయాలని కూడా అడిగారు.

కిట్ కొనకండి. మళ్లీ వేయండి, ఈసారి తప్పకుండా వస్తుంది. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఫ్లాట్‌లోనే పిల్లుల్ని పెంచుతున్నాను. ఇప్పుడు మూడున్నాయి. మా ఇంట్లో గడ్డి కుండీ లేని వారం ఉండదు. కానీ గడ్డి సంగతి చెప్పేముందు ఒక పని చేయండి. ఈ రోజే ఆ మనీ ప్లాంట్‌ని చిట్టికి అందని చోటుకి మార్చండి. పిల్లి ఎక్కలేని చోటు ఇంట్లో దొరకడం కష్టం కాబట్టి, ఎవరికైనా ఇచ్చేస్తే ఇంకా మంచిది.

కంద కోసినప్పుడు చేతులు ఎందుకు దురద పెడతాయో మీకు తెలిసే ఉంటుంది. అందులో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనపడని సూదుల్లా ఉంటుంది. మనీ ప్లాంట్ ఆకులోనూ అవే సూదులు. పిల్లి కొరకగానే నాలుకకి, చిగుళ్లకి, గొంతుకి గుచ్చుకుంటాయి. చొంగ కారుతుంది, మూతిని పాదంతో రుద్దుకుంటుంది, కక్కుతుంది. ప్రాణం పోవడం అరుదే కానీ నొప్పి మాత్రం నిజం. చిట్టి కక్కడానికి కారణం కడుపులో జబ్బు కంటే ఈ ఆకే అయ్యుండొచ్చు. మొక్క తీసేశాక కూడా వారంలో రెండు మూడుసార్లు కక్కుతుంటే అప్పుడు డాక్టరుకి చూపించాలి.

ఇక మీ అమ్మగారి మాట. మా అత్తయ్యగారూ అదే అనేవారు. మన పల్లెల్లో పిల్లి, కుక్క గరిక కొరుకుతుంటే కడుపు శుభ్రం చేసుకుంటోందని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. అందులో సగం నిజం ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు వెయ్యి మందికి పైగా పిల్లి యజమానుల్ని అడిగి 2019లో ఫలితాలు చెప్పారు. 71 శాతం పిల్లులు కనీసం ఆరుసార్లయినా మొక్కలు తింటూ కనిపించాయి. తిన్నాక తరచూ కక్కినవి దాదాపు నాలుగో వంతే. 91 శాతం పిల్లులు తినే ముందు జబ్బుగా ఏమీ లేవు. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లే గడ్డి తింటుంది, అది మామూలు విషయం. అడవి పిల్లులుగా ఉన్న కాలంలో పేగుల్లోని పురుగుల్ని బయటికి తోసేయడానికి ఈ అలవాటు పుట్టిందని, ఇప్పుడు పురుగులు లేకపోయినా అది రక్తంలో మిగిలిపోయిందని వాళ్ల అంచనా. చింపాంజీలు గరుకు ఆకులు నమలకుండా మింగి పురుగుల్ని వదిలించుకోవడం చాలాకాలంగా చూస్తున్నదే.

ఇందువల్ల మనకి తేలేది ఏమిటంటే, పిల్లికి ఆకు కొరకాలన్న కోరిక ఎలాగూ ఉంటుంది. మంచి ఆకు ఇవ్వకపోతే దొరికిన ఆకు కొరుకుతుంది. బయట తిరిగే పిల్లికి గరిక దొరుకుతుంది. మూడో అంతస్తులో ఉన్న చిట్టికి దొరికింది మనీ ప్లాంట్. నేను గడ్డి పెంచడానికి అసలు కారణం ఇదే. విటమిన్ల కోసం కాదు. పిల్లి పూర్తిగా మాంసాహారి, గడ్డిలోని పీచుని అరిగించుకునే శక్తి దానికి లేదు. గోధుమ గడ్డి రసం మనుషులకి మంచిదని అమ్మే ప్రచారాన్ని పిల్లికి అంటగట్టకండి. తిండి తిండే, గడ్డి గడ్డే.

ఏ గింజలు వేయాలో చెబుతాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

గోధుమలు చాలు. కిరాణా కొట్లో పిండి పట్టించుకోవడానికి అమ్మే మామూలు గోధుమలు. కొత్త పంటవైతే మొలక శాతం బాగుంటుంది. బార్లీ గడ్డి కూడా పిల్లులకి ఇష్టమే కానీ, మనకి కొట్లో దొరికే బార్లీ పైపొట్టు తీసి పాలిష్ చేసింది, అందులో మొలక పోతుంది. ఎన్ని రోజులు నానబెట్టినా మొలవదు, పులిసిపోతుంది. పొద్దున టిఫిన్‌కి తినే ఓట్స్ కూడా అంతే, అవి ఆవిరి పట్టించి నొక్కినవి. పొట్టుతో ఉన్న బార్లీ, ఓట్స్ గింజలు దొరికితే సంతోషంగా వేయండి. దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

జొన్నలు మాత్రం వేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన ఇళ్లలో గోధుమల పక్కనే జొన్నల డబ్బా ఉంటుంది, ఏదైతే ఏముందిలే అనిపిస్తుంది. మాది దేవరకొండ దగ్గర పల్లె. లేత జొన్న మేసి మేకలు పడిపోవడం చిన్నప్పుడు కళ్లారా చూశాను. మా వైపు దాన్ని ‘నాము’ అంటారు. జొన్న మొలకలో, లేత ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినప్పుడు అది విడిపోయి సైనైడ్ విషం పుడుతుంది. మొక్క లేతగా ఉన్నప్పుడే అది ఎక్కువ. మనం పిల్లికి పెట్టేది సరిగ్గా ఆ లేత దశలోనే కదా. నిమ్మగడ్డి కూడా వద్దు, దాని నూనె పిల్లులకి పడదు, ఆకు అంచు కోసుకుంటుంది కూడా.

విత్తనాల దుకాణంలో పొలానికి అమ్మే గోధుమ విత్తనం కొనకండి. గులాబీ రంగో ఎరుపు రంగో పూసి ఉంటుంది. అది భూమిలో కుళ్లకుండా థైరమ్ లాంటి శిలీంధ్రనాశిని పట్టించిన విత్తనం, తినడానికి కాదు. అలాగే పురుగు పట్టకుండా ఇంట్లో బోరిక్ పౌడర్ కలిపి నిల్వ పెట్టిన గోధుమలుంటే వాటినీ వదిలేయండి. పావుకిలో విడిగా కొని ఒక చిన్న డబ్బాలో పిల్లి గోధుమలని పేరు రాసి పెట్టుకోండి. ఒక కుండీకి 50 గ్రాములు పడతాయి. పావుకిలోతో ఐదు కుండీలు వస్తాయి. కిట్ పేరుతో వందలు పోసి కొంటే అందులో వచ్చేవీ ఇవే గోధుమలు, ఓట్స్ గింజలు, గుప్పెడు కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి).

ఇప్పుడు మీ బూజు సంగతి. మీరు చేసిందాంట్లో మూడు పొరపాట్లు కనిపిస్తున్నాయి. డబ్బాకి అడుగున చిల్లులు లేవు. మూత పెట్టి ఉంచారు. రోజుకి మూడుసార్లు నీళ్లు పోశారు. దూది నీళ్లు పట్టుకుని వదలదు, గాలి ఆడదు. వానలు తగ్గని విజయవాడ ఉక్కలో బూజుకి ఇంతకంటే మంచి ఇల్లు ఉండదు. ఇంకొకటి మీరు రాయలేదు కానీ నేను అనుకునేది, గింజలు ఏరి ఉండరు. విరిగిన గింజ మొలవదు, ముందుగా కుళ్లేది అదే. బూజు అక్కడ మొదలై పక్కనున్న మంచి గింజలకి పాకుతుంది.

ఈ రాత్రి ఇలా మొదలుపెట్టండి. 50 గ్రాముల గోధుమలు పళ్లెంలో పోసి విరిగినవి, నల్లమచ్చలున్నవి ఏరేయండి. నీళ్లలో వేస్తే పైకి తేలేవి పుచ్చు గింజలు, వాటినీ తీసేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడిగి నానబెట్టండి. ఇప్పటి వాతావరణానికి ఎనిమిది గంటలు సరిపోతాయి. చలికాలంలో పన్నెండు, ఎండాకాలంలో ఆరు గంటలు, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. పొద్దున నీళ్లు వంపేసి, పెసల మొలకలకి కట్టినట్టే పలచని బట్టలో మూట కట్టండి. గట్టిగా పిండి మరీ కట్టండి, నీళ్లు కారకూడదు, తడి ఉంటే చాలు. సాయంత్రం ఒకసారి మూట మీద నీళ్లు చిలకరించి మళ్లీ పిండేయండి. మర్నాటికి గింజ చివర తెల్లగా ముక్కు వస్తుంది. అదే వేయాల్సిన సమయం. మొలక పొడుగయ్యేదాకా ఆగితే పరిచేటప్పుడు వేర్లు తెగుతాయి.

నేను వాడేది వెడల్పాటి మట్టి మూకుడు. కుమ్మరి దగ్గర కొన్నాను, అడుగున నాలుగు చిల్లులు పెట్టించాను. మట్టిది మంచిదనడానికి రెండు కారణాలున్నాయి. ఎక్కువైన తడిని మట్టి పీల్చుకుంటుంది. రెండోది బరువు. పిల్లి గడ్డిని పంటితో పట్టి వెనక్కి లాగుతుంది. తేలికపాటి ప్లాస్టిక్ ట్రే అయితే మొత్తం దానితో పాటే వచ్చేస్తుంది, మట్టి ఇల్లంతా అవుతుంది. మూకుడు దొరక్కపోతే ఆరంగుళాల మట్టి కుండీ తీసుకోండి. ఏదైనా అడుగున చిల్లులుండాలి, ఇది మాత్రం రాజీ లేదు.

మట్టి రెండు మూడు అంగుళాల మందం చాలు. గోధుమ గింజలోనే మొదటి పది రోజులకి సరిపడా ఆహారం ఉంటుంది, అందుకని విడిగా ఎరువు వేయక్కర్లేదు. కోకోపిట్ మూడు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు కలుపుతాను. కోకోపిట్ ఇటుక కొన్నాక నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ కడగండి. కొన్నిట్లో ఉప్పు ఉంటుంది, అది మొలక చివర్లని మాడ్చేస్తుంది. పచ్చి పేడ, యూరియా, డీఏపీ, వేపపిండి ఏవీ వద్దు. పిల్లి ఆకు తినడంతో ఆగదు, మట్టీ నాకుతుంది.

పైన గింజలు పక్కపక్కనే ఒక్క పొరగా పరవండి. గింజ మీద గింజ పడకూడదు. మీకు ఒత్తుగా పచ్చగా కావాలనిపించి ఎక్కువ పోస్తారు, అందరూ చేసేదే అది. రెండు పొరలు పడితే కింది పొరకి గాలి ఆడక కుళ్లుతుంది. సన్నగా పావు అంగుళం కోకోపిట్ చల్లి, స్ప్రే బాటిల్‌తో తడిపి, తడిగుడ్డ కానీ న్యూస్‌పేపర్ కానీ కప్పి రెండు రోజులు వదిలేయండి. మూడో రోజు మొలకలు ఆ కాగితాన్ని పైకి లేపుతూ ఉంటాయి. ఇన్నేళ్లయినా అది చూస్తే నాకు సంతోషమే. అప్పుడు కప్పు తీసి కిటికీ దగ్గర పెట్టండి. పొద్దుటి ఎండ తగిలితే ఎంతో మంచిది, మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు. మొదట ఆకులు తెల్లగా, లేత పసుపుగా ఉంటే భయపడకండి. ఒక్క రోజు వెలుతురు తగిలితే పచ్చబడతాయి.

మా తండాల్లో శ్రావణమాసంలో తీజ్ పండుగ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, పాటలు పాడుతూ తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. తొమ్మిదో రోజుకి గడ్డి ఒత్తుగా లేచి నిలబడుతుంది. నేను గోధుమ గడ్డి పెంచడం నేర్చుకుంది ఇంటర్నెట్‌లో కాదు, ఆ బుట్టల్ని చూసి. బుట్టలో పోసిన నీళ్లు బుట్టలో నిలవవు, గమనించండి. అన్ని తడులు పెట్టినా అక్కడ బూజు పట్టకపోవడానికి అదే కారణం. మన పెళ్లిళ్లలో నవధాన్యాలు పోసే పాలికలు కూడా అడుగు సన్నగా, మట్టివిగానే ఉంటాయి.

నీళ్లు ఎప్పుడు పోయాలో గడియారం చూసి నిర్ణయించకండి. వేలు పెట్టి చూడండి. పై అరంగుళం పొడిబారినట్టుంటే పోయండి, లేకపోతే వదిలేయండి. నాలుగో రోజు నుంచి నేను పైన పోయడం మానేస్తాను. కుండీని నీళ్ల పళ్లెంలో పది నిమిషాలు కూర్చోబెట్టి తీసేస్తాను. కింది నుంచి పీల్చుకుంటుంది, పైన మొలక మొదలు పొడిగా ఉంటుంది. బూజు పట్టేది ఆ మొదట్లోనే.

చాలామంది మంచి గడ్డిని బూజనుకుని పారేస్తారు. రెండో మూడో రోజున మొలక వేరు చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తుంది. అవి వేరు వెంట్రుకలు. ఒక్కో వేరు చుట్టూ సమంగా, సీసాలు కడిగే బ్రష్‌లా ఉంటాయి. నీళ్లు చిలకరిస్తే వేరుకి అంటుకుని మాయమైపోతాయి. బూజు అలా కాదు. సాలెగూడులా ఒక గింజ నుంచి ఇంకో గింజకి పాకుతుంది, బూడిద రంగో పచ్చదనమో నలుపో తిరుగుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాగుడు వాసన వస్తుంది. నాలుగో రోజని రాశారు కాబట్టి మీది నిజం బూజే అయ్యుంటుంది. ఈసారి మాత్రం పారేసే ముందు నీళ్లు చిలకరించి చూడండి.

నిజం బూజైతే ఆ భాగం తీసేసి మిగతాది పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టకండి. కుండీ మొత్తం పారేసి, వేడినీళ్లతో కడిగి ఎండబెట్టి మళ్లీ వేయండి. ఒకసారి నర్సరీలో బూజు మందు కలిపిన నీళ్లు పోయమని సలహా ఇచ్చారు. పూలమొక్కకి అది సరే. పిల్లి నోట్లోకి వెళ్లే గడ్డికి ఏ మందూ వద్దు. పోయేది 50 గ్రాముల గోధుమలే.

ఎండాకాలం సంగతి ఇప్పుడే చెబుతాను, ఏప్రిల్‌లో మళ్లీ ఇబ్బంది పడతారు. గోధుమ చలికాలపు పంట. 20 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా మొలుస్తుంది. మీ ఊళ్లో మే నెలలో 42 దాటినప్పుడు మూటలోనే పులిసిపోతుంది. అప్పుడు బాల్కనీలో పెట్టకండి. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, నీళ్ల కుండ పక్కన, ఫ్యాను గాలి తగిలే చోట పెట్టండి. గింజలు ఇంకా పలచగా వేయండి. మే నెలలో నా కుండీలు మూడిట్లో ఒకటి పాడవుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకునే వేస్తాను.

చీమలు వస్తే చీమల మందు సుద్దముక్కతో గీత గీయకండి. వాటిల్లో ఉండే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందుల్ని పిల్లి శరీరం సరిగా విరిచేయలేదు, పాదాలకి అంటి నాకిందంటే వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కుండీ పెట్టండి. కుండీ చుట్టూ సన్నటి నల్ల దోమలు ఎగురుతుంటే మట్టి ఎక్కువ తడిగా ఉందని అర్థం, రెండు రోజులు నీళ్లు ఆపితే తగ్గుతాయి.

గడ్డి నాలుగంగుళాలు పెరిగాక చిట్టికి ఇవ్వండి. సాధారణంగా ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. అంతకు ముందు ఇస్తే వేళ్లతో సహా పీకేస్తుంది. వేళ్లు పట్టిందో లేదో తెలియడానికి ఒక గుప్పెడు పట్టి మెల్లగా పైకి లాగి చూడండి, మట్టి కదలకపోతే పట్టినట్టు.

కొన్ని పిల్లులు మొదటి రోజే మీద పడతాయి. మా బండోడు అలాంటివాడే. మల్లి మాత్రం పది రోజులు అటువైపే చూడలేదు. నాలుగు పోచలు కోసి దారంలా ఊపితే ఆడుతూ ఆడుతూ కొరికింది, అలా అలవాటైంది. ఒక్కోసారి ఆడి వదిలేస్తుంది, అదీ సరే. అసలు తినని పిల్లులూ ఉంటాయి, బలవంతం చేయకండి, తిండిలో కలిపి పెట్టకండి. రోజుకి ఎంత అని కొలత లేదు కానీ, ఒక్కసారిగా కుండీ సగం మేసేస్తే కక్కుతుంది. అలాంటి పిల్లికి పొద్దున పావుగంట ఇచ్చి కుండీ తీసేయండి.

గడ్డిని ముదరనివ్వకండి. రెండు వారాలు దాటాక ఆకు గట్టిపడుతుంది, అంచు గరుకవుతుంది. ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. 2018లో మల్లికి ఉన్నట్టుండి ఆగకుండా తుమ్ములు మొదలయ్యాయి. తల విదిలిస్తోంది, మింగబోయి ఓక్ ఓక్ అంటోంది, ఒక్క ముక్కు నుంచే చీమిడి కారుతోంది. నేను వెళ్లిన మొదటి క్లినిక్‌లో జలుబని వారం రోజులకి మందులిచ్చారు. తగ్గలేదు. రెండో డాక్టరుగారు మత్తిచ్చి చూస్తే అంగిలి వెనక, ముక్కు దారిలో మూడంగుళాల గడ్డిపోచ ఇరుక్కుని ఉంది. మింగిన పోచ కక్కేటప్పుడు పైకి తన్ని అక్కడ పడింది. తీసిన గంటలో మామూలైంది. ఆ వారం రోజులు అది పడ్డ బాధ నేను మర్చిపోలేదు. ఆ కుండీ నెల రోజుల పాతది, బద్ధకించి మార్చలేదు. అప్పటి నుంచి ఆకు ఐదంగుళాలు దాటితే కత్తెరతో కోసేస్తాను, రెండున్నర వారాలకి కుండీ మారుస్తాను. గడ్డి తిన్న తర్వాత ఒక పక్క ముక్కే కారుతూ తుమ్ములు ఆగకపోతే డాక్టరుగారికి గడ్డి తిన్న విషయం ముందే చెప్పండి.

కోశాక ఒకసారి మళ్లీ చిగురిస్తుంది, ఆ రెండో విడత కొంచెం పలచన. మూడోదాని కోసం ఎదురుచూడకండి. పది రోజులకో కుండీ చొప్పున వేస్తూ పోతే ఒకటి తినేది, ఒకటి పెరిగేది ఎప్పుడూ ఉంటాయి. ఖాళీ అయిన కుండీ నేలమీద ఉంచితే పిల్లి దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటుంది, అందుకని వెంటనే తీసేయండి.

కక్కడం గురించి మీకు టెన్షన్ ఉందని అర్థమైంది. గడ్డి తిన్న కాసేపటికి నురగతో, పోచలతో ఎప్పుడో ఒకసారి కక్కి, తర్వాత మామూలుగా తిని తిరుగుతుంటే పర్వాలేదు. వెంట్రుకల ఉండలు కూడా అప్పుడప్పుడు దాంతోపాటే వస్తాయి. కానీ గడ్డి పెడితే ఉండలు పోతాయని నమ్మి దువ్వడం మానేయకండి, పర్షియన్ పిల్లులున్నవాళ్లు ముఖ్యంగా. రోజూ దువ్వెన పడాల్సిందే. కక్కిన దాంట్లో రక్తం ఉన్నా, రోజంతా తిండి ముట్టకపోయినా, సన్నబడుతూ ఎప్పుడూ లేనిది గడ్డి కోసం వెతుక్కుంటున్నా ఆగకండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. నట్టల మందు వేసి ఎన్నాళ్లయిందో కూడా ఒకసారి చూసుకోండి, గడ్డి దానికి బదులు కాదు.

కింద పార్కు నుంచి గరిక కోసుకొస్తే సరిపోదా అని మీవాళ్లు అంటారు. గరిక విషం కాదు. వినాయకుడికి పెట్టే గరికని మా ఊరి పిల్లులన్నీ తినేవి. కానీ అపార్ట్‌మెంట్ల లాన్‌కి కలుపు మందు, పురుగు మందు ఎప్పుడు కొట్టారో మనకి తెలియదు. వీధి కుక్కలు, పిల్లులు తిరిగిన గడ్డి మీద నట్టల గుడ్లు, గోమార్లు ఉంటాయి. ఇల్లు కదలని పిల్లికి వాటిని చేతులారా తెచ్చిపెట్టినట్టవుతుంది.

క్యాట్‌నిప్ వేరు, ఇది వేరు. క్యాట్‌నిప్ పుదీనా జాతి మొక్క, దాని వాసనకి మూడిట రెండు వంతుల పిల్లులు మత్తెక్కినట్టు దొర్లుతాయి. మన దగ్గర అలాంటి పని చేసేది కుప్పింటాకు వేరు. పెరట్లో కుప్పింట మొక్క పీకితే ఎక్కడెక్కడి పిల్లులో వచ్చి ఆ వేరుకి మొహం రుద్దుకుంటాయి, మీరూ చూసే ఉంటారు. అది చూసి తినిపించవచ్చనుకోకండి, ఆ మొక్కలో సైనైడ్ తరహా పదార్థం ఉంది.

మనీ ప్లాంట్ తీసేసినంత మాత్రాన సరిపోదు, మిగతావీ చూడండి. డిఫెన్‌బాకియా, పీస్ లిలీ మనీ ప్లాంట్ లాంటివే. కలబంద తొక్క కింద కారే పసుపు పాలకి వాంతులు, విరేచనాలు అవుతాయి. స్నేక్ ప్లాంట్, చామంతి పడవు. గన్నేరు గుండెని ఆపుతుంది. సైకస్ కాలేయాన్ని తినేస్తుంది. అన్నిటికంటే భయంకరమైనది అసలు లిలీ, ఫంక్షన్లలో బొకేల్లో వచ్చే పెద్ద తెల్ల, గులాబీ పూలు. దాని ఆకు, పువ్వు, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, ఆ పూలు పెట్టిన నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. మా ఇంట్లోకి లిలీ బొకే గుమ్మం దాటి రాదు, ఎవరు తెచ్చినా లిఫ్ట్ దగ్గరే ఆపేస్తాం. ఇంట్లో పచ్చదనం కావాలంటే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ పెట్టుకోండి, వాటిని కొరికినా విషం లేదు.

సంక్రాంతి ప్రయాణం సంగతి. పది రోజులు గడ్డి లేకపోతే చిట్టికి ఏమీ కాదు. వచ్చి తిండి పెట్టి వెళ్లేవాళ్లకి గడ్డి పని అప్పగించకండి, జాలిపడి రోజూ నీళ్లు పోసి బూజు పట్టిస్తారు. బయల్దేరే ముందు పాత కుండీ తీసేయండి. తిరిగొచ్చాక త్వరగా గడ్డి కావాలనుకుంటే, ఊళ్లోనే నానబెట్టి మూట కట్టి తెచ్చుకోండి. జనవరి చలికి రెండు రోజులైనా ఆ మూట చెడదు. ఇంటికి చేరిన సాయంత్రమే పరిచేయొచ్చు.